ఇటలీ ఫుట్‌బాల్ జట్టులో కుర్రాళ్ళు, సీనియర్లు: వయసు కంటే ముందు చూడాల్సిన లెక్క

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "నాలుగుసార్లు ప్రపంచకప్ గెలిచిన ఇటలీ 2018, 2022 టోర్నీలకు అర్హత కూడా సాధించలేదు. ముసలి ఆటగాళ్ళని పట్టుకుని వేలాడటమే కారణమా? సీనియర్లని పక్కనపెట్టి మొత్తం కుర్రాళ్ళని దింపితే బాగుపడుతుందా?"

బాగుపడదు. ఇటలీ బాగా ఆడిన రోజుల్లోనూ, కుప్పకూలిన రోజుల్లోనూ జట్టు సగటు వయసులో పెద్ద తేడా కనిపించదు. తేడా వేరే రెండు చోట్ల ఉంటుంది. 24 నుంచి 29 ఏళ్ళ మధ్య ఎంతమంది గట్టి ఆటగాళ్ళున్నారన్నది ఒకటి. జాబితాలో ఉన్న కుర్రాడు, సీనియర్ ఇద్దరూ ఆ సీజన్‌లో తమ క్లబ్‌కి ఎన్ని నిమిషాలు ఆడారన్నది రెండోది.

2006లో బెర్లిన్ ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిని తీసుకోండి. బఫన్ 28, జాంబ్రోట్టా 29, కన్నవారో 32, మాటెరాజ్జి 32, గ్రోసో 28, కమొరనేసి 29, పిర్లో 27, గట్టూసో 28, పెరొట్టా 28, తొత్తి 29, టోని 29. అందరూ 27కీ 32కీ మధ్యే. కుర్రాడు లేడు, ముసలివాడూ లేడు. కుర్రాడైన 22 ఏళ్ళ డి రొస్సి బెంచ్ మీద ఉన్నాడు. అమెరికా మీద మోచేత్తో కొట్టి నాలుగు మ్యాచ్‌ల నిషేధం పడినవాడు తిరిగొచ్చి 61వ నిమిషంలో దిగాడు, షూటౌట్‌లో మూడో పెనాల్టీ కొట్టాడు. ఆ తప్పు జరిగినప్పుడు మధ్యలో పిర్లో, గట్టూసో ఇద్దరూ గట్టిగా ఉండబట్టి జట్టు తట్టుకుంది. కుర్రాడి పొరపాటుని భరించగల జట్టు అంటే ఇదీ.

ఇలాంటి మధ్య వయసు ఆటగాళ్ళు ఎక్కడి నుంచి వచ్చారో కూడా చూడాలి. 2004లో కుర్రాళ్ళ యూరప్ టోర్నీ అయిన అండర్-21 యూరో గెలిచిన ఇటలీ జట్టులోంచి డి రొస్సి, జిలార్డీనో, బర్జాలి, జక్కార్డో, అమేలియా రెండేళ్ళకే ప్రపంచకప్ జట్టుకి వచ్చారు. 1992, 1994, 1996, 2000, 2004: ఇటలీ అండర్-21 టైటిళ్ళివి. ఆ తర్వాత ఇంకొకటి లేదు. సీనియర్ జట్టు కష్టాలు మొదలైన కాలాన్ని దీనితో కలిపి చూస్తే విషయం చాలావరకు అర్థమవుతుంది.

సీనియర్లు నిజంగానే బరువైన సందర్భం అడిగితే 2010 చెప్పాలి. కోచ్ లిప్పి 2006 విజేతల్లో తొమ్మిది మందిని దక్షిణాఫ్రికా తీసుకెళ్ళాడు. కన్నవారోకి 36. అయితే అసలు సమస్య ఆ 36 కాదు. అంతకుముందు సీజన్‌లో అతను ఆడిన యువెంటస్ లీగ్‌లో ఏడో స్థానంలో ఆగిపోయింది, దాని డిఫెన్స్ ఏడాది పొడవునా కారుతూనే ఉంది. అంటే ఫామ్ లేదని క్లబ్ మ్యాచ్‌లే ముందుగా చెప్పాయి. అదే జట్టులో 23 ఏళ్ళ బొనుచ్చి ఉన్నాడు. బారి తరఫున దాదాపు సీజనంతా ఆడి వచ్చాడు, టోర్నీలో ఒక్క నిమిషం కూడా దిగలేదు. తొలి మ్యాచ్‌లో విరామానికే బఫన్ వెన్నునొప్పితో తప్పుకున్నాడు, పిర్లో గాయంతో మూడో మ్యాచ్ రెండో సగంలో గానీ రాలేదు. పరాగ్వేతో 1-1, న్యూజిలాండ్‌తో 1-1, స్లోవాకియా చేతిలో 2-3. గ్రూపులో ఆఖరి స్థానం. పాత విజయానికి కృతజ్ఞతగా ఇచ్చిన స్థానాలు ఇలాగే ఖరీదవుతాయి.

ఇక అదే వయసు, అదే స్థానం, పదకొండేళ్ళ తర్వాత. ఇటలీ గెలిచిన యూరప్ టోర్నీ యూరో 2020, నిజానికి 2021 జూన్ 11 నుంచి జూలై 11 వరకు జరిగింది. సెంటర్ బ్యాక్‌లుగా, అంటే గోల్ ముందు మధ్యలో నిలబడే డిఫెండర్లుగా కియెల్లీని, బొనుచ్చి. టోర్నీ సమయానికి ఒకరికి 36, ఇంకొకరికి 34. ఇక్కడ కోచ్ మంచీని చేసిన పని జాగ్రత్తగా గమనించదగ్గది, ఎందుకంటే సీనియర్‌ని వాడే పద్ధతి దీనికంటే బాగా ఇంకెక్కడా కనిపించదు.

మొదటిది, ఆ ఇద్దరూ 2010 నుంచి యువెంటస్‌లో పక్కపక్కన ఆడారు, మధ్యలో 2017-18 ఒక్క సీజన్ మినహా. జాతీయ జట్టు శిబిరం పది రోజుల విండో. అందులో రెండు మ్యాచ్‌లు, ప్రయాణాలు, కోలుకునే రోజులు పోగా వ్యూహం మీద సాధన చేసేందుకు మిగిలేది మూడు నాలుగు పూటలు. ఆఫ్‌సైడ్ లైన్ ఎప్పుడు పైకి జరపాలి, ఒకరు స్ట్రైకర్ మీదికి వెళ్తే రెండోవాడు ఎన్ని గజాలు వెనక ఉండాలి అన్నవి అంత తక్కువ కాలంలో నేర్పలేరు. క్లబ్ నుంచి జంటగా వచ్చినవాళ్ళకి ఆ పని ముందే అయిపోయి ఉంటుంది. 1982 ప్రపంచకప్‌లో కోచ్ బేర్జోట్ జట్టులోనూ ఇదే జరిగింది: జోఫ్, జెంటీలే, షిరేయా, కబ్రీని, తర్దెల్లి, రొస్సి ఆరుగురూ యువెంటస్ వాళ్ళే.

రెండోది, పని విభజన. కియెల్లీని స్ట్రైకర్‌కి అంటిపెట్టుకుని మొదటి బంతి కోసం కొట్లాడతాడు. బొనుచ్చి వెనక కవర్ చేసి, బంతి దొరగ్గానే పొడవాటి పాస్‌తో ఆట మొదలుపెడతాడు. ఇద్దరిలో ఎవరికీ వేగం లేదు కాబట్టి ముందు జోర్జినో, వెర్రాట్టి, బరెల్లా బంతిని తమ దగ్గరే ఉంచుకోవాలి, పోగానే అక్కడికక్కడే ఎదుటివాళ్ళ మీద పడి ప్రెస్ చేయాలి. సీనియర్ డిఫెండర్ల వెనక ఖాళీ జాగా పెరగకుండా చూసే బాధ్యత మధ్య వరసది. ఆ ముగ్గురి వయసులు 29, 28, 24. మళ్ళీ ఆ మధ్య వయసే.

మూడోది, నిమిషాల పొదుపు. స్విట్జర్లాండ్‌తో రెండో మ్యాచ్‌లో 24వ నిమిషానికే కియెల్లీని కండరం పట్టేసి బయటికొచ్చాడు. వేల్స్ మీద, ఆస్ట్రియా మీద ఆడలేదు. ఆ ఖాళీని అచెర్బి, బస్తోని, తొలోయి పూడ్చారు. వేల్స్ మ్యాచ్‌కి మంచీని ఎనిమిది మార్పులు చేశాడు. 89వ నిమిషంలో రెండో గోల్‌కీపర్ సిరిగుని కూడా దింపాడు. మొత్తం 26 మందిలో మూడో గోల్‌కీపర్ మెరెట్ ఒక్కడే ఆడకుండా మిగిలాడు. అందుకే క్వార్టర్ ఫైనల్ నాటికి కియెల్లీని తాజాగా తిరిగి రాగలిగాడు. 36 ఏళ్ళ డిఫెండర్ నెల రోజుల్లో ఏడు మ్యాచ్‌లూ ఆడతాడని లెక్క వేసుకుంటే ఐదో మ్యాచ్‌కి తొడ కండరం చిరగడం దాదాపు ఖాయం. మూడు నాలుగు రోజుల వ్యవధిలో కుర్రాడి కాళ్ళు తేరుకున్నట్టు ఆ వయసులో తేరుకోవు.

ఫైనల్లో ఒక్క క్షణం దగ్గరగా చూస్తే సీనియర్ ఎందుకో తెలుస్తుంది. వెంబ్లీలో 1-1, నిర్ణీత సమయం అయిపోయి అదనపు నిమిషాలు నడుస్తున్నాయి. పక్క గీత దగ్గర బంతి బయటికి పోతుందనుకుని కియెల్లీని ఒంటితో అడ్డు పెట్టాడు. 19 ఏళ్ళ సాకా అతన్ని చుట్టి తప్పించుకున్నాడు. ముందు సగం మైదానం ఖాళీ. పరుగులో సాకాని పట్టుకునే అవకాశం లేదని కియెల్లీనికి ఆ క్షణంలోనే తెలుసు. వెనక నుంచి చొక్కా కాలర్ పట్టుకుని లాగేశాడు. గోల్‌కి చాలా దూరం, సహచరులు ఇంకా వెనక ఉన్నారు కాబట్టి పసుపు కార్డుతో పోయింది. అంచనా తప్పడం, వేగం లేకపోవడం, ఈ రెండు లోపాలకూ చౌకగా పరిహారం చెల్లించడం అక్కడ చూస్తాం. అదే చోట ఒక కుర్ర డిఫెండర్ అయితే నలభై గజాలు వెంట పరిగెత్తి పెనాల్టీ బాక్స్ దగ్గర కాలు పెడతాడు. అక్కడ ఎర్ర కార్డు, ఫ్రీ కిక్ లేదా పెనాల్టీ. ఎక్కడ తప్పు చేయాలో తెలియడం కూడా డిఫెండర్ పనిలో భాగమే.

గోల్‌కీపర్ విషయం వేరు, అందులో ఇటలీకి ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. జోఫ్ 40 ఏళ్ళకి 1982 ప్రపంచకప్ ఎత్తాడు, ఆ వయసులో గెలిచినవాడు ఇంకొకడు లేడు. బఫన్ 1997 అక్టోబర్‌లో మాస్కో మంచులో, పల్యూకా గాయపడితే 19 ఏళ్ళకి దిగి, 2018 వరకు 176 మ్యాచ్‌లు ఆడాడు. అతని తర్వాత ఎవరన్న ప్రశ్నకి జవాబు ముందే సిద్ధమైంది. 2016 సెప్టెంబర్ 1న బారిలో ఫ్రాన్స్‌తో స్నేహపూర్వక మ్యాచ్‌లో విరామం తర్వాత బఫన్ స్థానంలో 17 ఏళ్ళ డొన్నరుమ్మ వచ్చాడు. అప్పటికే ఏసీ మిలాన్‌లో దాదాపు ఏడాదిగా మొదటి గోల్‌కీపర్. అతను శిబిరంలో బఫన్ పక్కన ఏడాదిన్నర సాధన చేశాక గానీ పూర్తి బాధ్యత అతని మీద పడలేదు. 2021లో 22 ఏళ్ళకి టోర్నీ ఉత్తమ ఆటగాడయ్యాడు. వారసుణ్ణి ఇలా సిద్ధం చేయడం గోల్ ముందు కుదిరింది, సెంటర్ బ్యాక్ దగ్గర కుదరలేదు.

ఎందుకు కుదరలేదన్నదే ఇటలీ అసలు కథ. 2025 జూన్‌లో ఓస్లోలో నార్వేతో ప్రపంచకప్ క్వాలిఫయర్. గాయాలతో డిఫెండర్లు తగ్గారు. 37 ఏళ్ళ అచెర్బిని అప్పటి కోచ్ స్పలెట్టి పిలిచాడు, కోచ్ తన పట్ల గౌరవం చూపలేదని అచెర్బి రానన్నాడు. చివరికి వెరోనా డిఫెండర్ కొప్పోలా, 21 ఏళ్ళు, తొలి అంతర్జాతీయ మ్యాచ్‌లోనే నార్వే స్ట్రైకర్లు హాలండ్, సొర్లోత్‌ల ఎదుట నిలబడాల్సి వచ్చింది. విరామానికే 3-0. ఆ కుర్రాణ్ణి నిందించడం అన్యాయం. 37 ఏళ్ళవాడు కావాలి, లేదా అనుభవమే లేనివాడు కావాలి అనే పరిస్థితి జట్టుకి వచ్చిందంటే, మధ్యలో ఉండాల్సిన 26, 27 ఏళ్ళ నికరమైన ప్రత్యామ్నాయం తయారు కాలేదని అర్థం. ఆ మ్యాచ్‌తో స్పలెట్టి పదవి పోయింది, 2006 జట్టులోని ఆ గట్టూసోనే కోచ్‌గా వచ్చాడు.

బస్తోని ఉన్నాడు కదా అంటారు. ఉన్నాడు, మంచి ఆటగాడు. కానీ ఇంటర్ మిలాన్‌లో ముగ్గురు డిఫెండర్ల వరసలో ఎడమవైపు ఆడి పెరిగాడు. ఆ స్థానంలో డిఫెండర్ ముందుకి దూసుకెళ్ళి క్రాస్ కూడా వేయొచ్చు, వెనక ఇంకో ఇద్దరు కాపలా ఉంటారు. నలుగురి వరసలో అదే ఆట ఆడితే అతని వెనక ఖాళీ నోరు తెరుస్తుంది. యూరో 2024లో స్పలెట్టి వరసలు మారుస్తూ పోయాడు: క్రొయేషియా మీద ముగ్గురు, ఐదు రోజులకే స్విట్జర్లాండ్ మీద నలుగురు, మధ్యలో ఆరు మార్పులు. క్రొయేషియాతో నిర్ణీత సమయం అయ్యాక వచ్చిన అదనపు నిమిషాల చివర బంతిని సొంత సగం నుంచి మోసుకెళ్ళి జక్కాన్యికి గోల్ అందించిన కలాఫియోరి, కార్డుల వల్ల తర్వాతి మ్యాచ్‌కి లేడు. స్విట్జర్లాండ్ మీద మిడ్‌ఫీల్డ్‌లో ఫజోలిని దింపారు. 23 ఏళ్ళు, తెలివైన ఆటగాడు. కానీ బెట్టింగ్ కేసులో ఏడు నెలల నిషేధం ముగించుకుని సీజన్ చివరి రోజుల్లోనే మైదానానికి తిరిగొచ్చినవాడు. రెండో సగం మొదలైన నిమిషంలోపే రెండో గోల్ పడింది, 0-2తో ఇంటికి. కుర్రాడన్నది అక్కడ లోపం కాదు. కాళ్ళలో మ్యాచ్‌లు లేకపోవడమే లోపం.

ఇప్పుడు పునాది గురించి. "ఇటలీలో ప్రతిభ లేదు" అనే మాట తప్పు. 2023లో అండర్-20 ప్రపంచకప్ ఫైనల్ (ఉరుగ్వే చేతిలో 0-1), కసాదేయికి ఏడు గోల్స్, ఉత్తమ ఆటగాడి బహుమతి. అదే ఏడాది అండర్-19 యూరో టైటిల్. 2024లో అండర్-17 యూరో టైటిల్, ఫైనల్లో పోర్చుగల్ మీద 3-0. పద్దెనిమిదేళ్ళ వరకు ఈ దేశం ఎవరికీ తీసిపోదు. 18 నుంచి 22 మధ్యే దారి తెగిపోతుంది. కుర్రాడు ప్రిమవెరా అనే యూత్ లీగ్‌లో తన ఈడు వాళ్ళతోనే ఆడుతూ ఉంటాడు, లేదంటే ఏడాదికో క్లబ్ చొప్పున లోన్‌లో, అంటే వేరే క్లబ్‌లకి అరువుగా తిరుగుతాడు. స్పెయిన్‌లో పెద్ద క్లబ్బుల రెండో జట్లు దశాబ్దాలుగా పెద్దవాళ్ళ లీగుల్లో ఆడుతున్నాయి. ఇటలీలో ఆ అనుమతి 2018లో గానీ రాలేదు. ఇటలీ లీగుల్లో సెరీ ఎ అన్నిటికంటే పైది, దాని కింద వరసగా బి, సి, డి; యువెంటస్ వెంటనే సెరీ సిలో రెండో జట్టు పెట్టింది, ఫజోలి అక్కడి నుంచే వచ్చాడు. అటలాంటా 2023లో, మిలాన్ 2024లో మొదలుపెట్టాయి, మిలాన్ జట్టు మొదటి ఏడాదే సెరీ డికి పడిపోయింది. ఊరికే కుర్రాళ్ళని పోగేస్తే ఇదే జరుగుతుంది. పక్కన నలుగురు ముప్పై దాటినవాళ్ళు లేకపోతే సెరీ సి మ్యాచ్‌లలో ఆఖరి ఇరవై నిమిషాలు ఎలా గడపాలో చెప్పేవాడుండడు.

డబ్బు కోణం కూడా ఉంది. 2019లో వచ్చిన పన్ను రాయితీ ప్రకారం విదేశం నుంచి వచ్చే ఆటగాడి జీతంలో సగం మీదే పన్ను పడేది. చేతికి అంతే జీతం ఇవ్వాలంటే క్లబ్‌కి స్థానిక కుర్రాడు ఖరీదైపోయాడు. 2024 జనవరి నుంచి ఆ రాయితీ తీసేశారు, ఫలితం తెలియడానికి ఇంకా టైం పడుతుంది. 25 మంది జాబితాలో క్లబ్‌లో పెరిగినవాళ్ళు నలుగురు, దేశంలో పెరిగినవాళ్ళు నలుగురు ఉండాలన్న నిబంధన ఉంది గానీ, అది పేరు రాయిస్తుంది, మైదానంలోకి దింపదు.

సరైన దారి ఎలా ఉంటుందో ఒక పాత ఉదాహరణ. 2011-12లో సెరీ బి క్లబ్ పెస్కారా. కోచ్ జెమాన్. మధ్యలో పందొమ్మిదేళ్ళ వెర్రాట్టి, ఎడమవైపు లోన్ మీద వచ్చిన ఇన్సీన్యె 18 గోల్స్, ముందు ఇంకో లోన్ ఆటగాడు ఇమ్మొబిలే 28 గోల్స్. క్లబ్ సెరీ ఎకి వెళ్ళింది. ముగ్గురూ ఏడాదంతా ప్రతివారం ఆడారు, ఓడిపోయారు, మళ్ళీ ఆడారు. 2013లో ముగ్గురూ అండర్-21 యూరో ఫైనల్ చేరిన జట్టులో ఉన్నారు. పెస్కారా సీజన్ అయిన తొమ్మిదేళ్ళకి, 2021 వెంబ్లీ ఫైనల్ మొదటి పదకొండులో ముగ్గురూ ఉన్నారు. ఇంత కాలం పడుతుంది. ఇవాళ పిలిచిన కుర్రాడు రేపు రక్షించడు.

దీనికి ఎదురు ఉదాహరణ పఫుంది అనే కుర్రాడు. 2022 నవంబర్‌లో అల్బేనియా మీద 16 ఏళ్ళకి మంచీని చివరి నిమిషాల్లో దింపాడు. అంత చిన్నవాడు ఇటలీకి ఆడి శతాబ్దం దాటింది. సెరీ ఎలో అప్పటికి అతను ఆడింది నామమాత్రం. అతని ప్రతిభ మీద అనుమానం లేదు, కానీ ఆ చొక్కా తర్వాత కూడా క్లబ్‌లో స్థానం దొరక్క లోన్ల మీద తిరగాల్సి వచ్చింది. అలాంటి పిలుపు, కుర్రాళ్ళని ఆడించని క్లబ్బుల మీద కోచ్ నిరసనగా పనికొస్తుంది, ఆటగాడికి పెద్దగా ఒరగదు. అదే ఏడాది న్యోంటోని చూడండి. దారి కనపడక 2020లోనే ఇంటర్ యూత్ జట్టు వదిలి జ్యూరిక్ వెళ్ళి, అక్కడ పెద్దవాళ్ళ లీగ్ గెలిచి వచ్చాడు. 18 ఏళ్ళకి జర్మనీ మీద గోల్ చేసి, ఇటలీ తరఫున గోల్ చేసిన అతిపిన్న ఆటగాడయ్యాడు.

కొత్త జాబితా వచ్చినప్పుడు మీరే అంచనా వేయాలంటే ఇలా చూడండి. లీగ్ సీజన్ 38 మ్యాచ్‌లు, అంటే 3,420 నిమిషాలు. కుర్రాడు అందులో కనీసం సగం, 1,700 దాకా ఆడాడా? తక్కువైతే బెంచ్‌కి సరే, మొదటి పదకొండుకి తొందర. ముప్పై దాటిన సీనియర్ అయితే మొత్తం కంటే చివరి రెండు నెలలు ముఖ్యం: వరసగా ఆడుతున్నాడా, లేక మూడు మ్యాచ్‌లకోసారి కండరం పట్టేస్తోందా? తర్వాత స్థానం. గోల్‌కీపర్, సెంటర్ బ్యాక్, ఆటని నడిపే మిడ్‌ఫీల్డర్ ముప్పై దాటాక కూడా పనికొస్తారు. మైదానం పక్కల్లో పరిగెత్తే వింగర్, ఫుల్ బ్యాక్ కాళ్ళ మీద బతుకుతారు, 31 తర్వాత ప్రతి నెలా చూసుకోవాలి. చివరగా, కుర్రాడి పక్కన ఎవరున్నారు? 1982లో 18 ఏళ్ళ బెర్గోమి ప్రపంచకప్ ఫైనల్ ఆడి పశ్చిమ జర్మనీ స్ట్రైకర్ రుమెనిగ్గెని పట్టుకోగలిగాడంటే అతని వెనక షిరేయా ఉన్నాడు, షిరేయా వెనక జోఫ్. ఒక వరసలో ఒకే కొత్తవాడు ఉంటే నిలబడతాడు. ఇద్దరు కొత్తవాళ్ళని పక్కపక్కన పెడితే ఆఫ్‌సైడ్ లైన్ పిలిచేవాడుండడు.

ఈ కొలతతో 2025లో గట్టూసో నడిపిన జట్టుని చూస్తే వయసు గురించిన గోల అనవసరం అనిపిస్తుంది. డొన్నరుమ్మ, బస్తోని, టొనాలి, బరెల్లా, డిమార్కో, కీన్, రెతెగి అందరూ అప్పటికి 25కీ 28కీ మధ్యే. అయినా 2025 నవంబర్‌లో సాన్ సిరోలో నార్వే చేతిలో 1-4, వరసగా మూడోసారి ప్లేఆఫ్‌కి. వయసు సరిగ్గా ఉన్నా, 70వ నిమిషం తర్వాత మ్యాచ్‌ని నెమ్మదింపజేసే మనిషి ఆ జట్టులో లేడు. ఆ రోజు ఇటలీ 62వ నిమిషం వరకు ఆధిక్యంలోనే ఉంది.

ఆ ఒక్క గోల్ కొట్టింది పియో ఎస్పోసితో, 2005లో పుట్టినవాడు. ఇంటర్ అతన్ని బెంచ్ మీద కూర్చోబెట్టకుండా స్పెజియాకి లోన్ ఇచ్చింది. 2024-25 సెరీ బిలో లీగ్ దశలోనే 17 గోల్స్ కొట్టి తిరిగొచ్చాడు. పెస్కారా దారే అది. 15 ఏళ్ళకే మిలాన్ తరఫున సెరీ ఎలో దిగిన కమార్దా 2025-26కి లెచ్చేకి లోన్ మీద వెళ్ళాడు. అతని విషయంలో గోల్స్ లెక్కపెట్టకండి. కింద పడకుండా పోరాడే ఆ క్లబ్‌లో ఎన్ని మ్యాచ్‌లు మొదటి నిమిషం నుంచి ఆడాడో చూడండి. అతన్ని ఎప్పుడు పిలవాలన్నది అక్కడే తేలుతుంది.